స్థానబలం: జీవకణంలో క్రొవ్వు ఎంజైముల నెలవులు

క్రొవ్వు అనగానే మనకు నేయి, నూనె, లేదా నడుము చుట్టూ పేరుకొన్న బరువు స్ఫురించుట సహజం. వైద్యుల హెచ్చరికల వలన ఈ మాటకు కొంత అపకీర్తి కూడ వచ్చినది. కాని క్రొవ్వే లేకపోతే జీవమే లేదు. మన శరీరంలోని ప్రతి కణానికి ప్రహరీగా నిలిచినది క్రొవ్వు. కణం లోపలి గదులకు అడ్డుగోడలైనది క్రొవ్వు. ఆకలి నాటికి దాచుకొన్న ఇంధనం క్రొవ్వు. నొప్పిని, వాపును, జ్వరాన్ని కలిగించే సందేశాలు కొన్ని పుట్టేది కూడ క్రొవ్వు నుండియే. నీటిలో కరగని ఈ పదార్థాలన్నిటిని కలిపి శాస్త్రజ్ఞులు లిపిడ్లు అంటారు.

ఈ లిపిడ్లను నిర్మించుటకు, విరుచుటకు, ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చుటకు మన కణాలలో వందలాది ఎంజైములు పనిచేస్తున్నవి. పాఠ్యపుస్తకాలలో ఈ చర్యలను మనం బాణపు గుర్తులతో నేర్చుకొంటాము. ఎడమ ప్రక్క ఒక పదార్థం, కుడి ప్రక్క మరొక పదార్థం, బాణం మీద ఎంజైము పేరు. ఆ బాణం ఒక్క విషయాన్ని మాత్రం చెప్పదు. ఆ ఎంజైము కణంలో ఎక్కడ నిలిచి ఈ పని చేస్తున్నది?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. కాని ఎంజైములు పుట్టి కూడ, ఉండవలసిన చోట లేనందున పసిబిడ్డలు మరణించే వ్యాధి ఒకటి ఉన్నది. ఎంజైమును సరియైన చోటికి చేర్చే ఉపాయం తెలిసినందున రోగులు కోలుకొన్న వ్యాధి మరొకటి ఉన్నది. ఎంజైముకు తన శక్తి ఎంత ముఖ్యమో స్థానబలం కూడ అంతే ముఖ్యమని ఈ రెండు వ్యాధులు మనకు నేర్పుతాయి. ఆ వ్యాధుల వరకు చేరుకొనే ముందు కణం లోపలి ఏర్పాట్లను కొంత పరిశీలించుదాము.

నీటికి నూనెకు నడుమ

చక్కెరను విరిచే ఎంజైము, చక్కెర అణువు రెండును నీటిలో కరిగి ఉంటాయి. తిరుగుతూ తిరుగుతూ ఒకదానినొకటి కలుసుకొంటాయి. లిపిడ్ల విషయం అట్లా కాదు. ఎంజైము సాధారణంగా నీటిని కోరే ప్రోటీను. లిపిడు నీటికి దూరంగా తొలగిపోయే పదార్థం. కనుక లిపిడును మార్చవలసిన ఎంజైము లిపిడు ఉన్న చోటికే పోవలెను. అంటే కణత్వచం ఉపరితలానికి చేరవలెను, లేదా త్వచంలోనే పాతుకొనిపోవలెను. దానికి చోటు వేరు, పని వేరు కాదు. చోటు పనిలో భాగమే.

త్వచం ఎట్లా నిర్మితమైనదో మొదట సూచించినవారు హాలెండు దేశపు గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రజ్ఞులు. 1925లో వారు ఎర్ర రక్తకణాల నుండి లిపిడ్లను వేరుచేసి నీటి మీద ఒక్క అణువు మందాన పరచి చూచినారు. ఆ పొర వైశాల్యం రక్తకణాల ఉపరితలానికి సుమారు రెండింతలు వచ్చినది. అనగా త్వచంలో లిపిడ్లు రెండు వరుసలుగా ఉన్నవన్నమాట. ప్రతి ఫాస్ఫోలిపిడు అణువుకు నీటిని కోరే తల ఒకటి, నీటిని సహించని తోకలు రెండు ఉంటాయి. తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టి రెండు వరుసలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఈ త్వచం మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షల వంతు మాత్రమే.

అదే 1925లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫాస్ఫరసును రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించినారు. ఫాస్ఫోలిపిడు తలలో ఫాస్ఫరసు ఉంటుంది కనుక, ఆ పద్ధతి తరువాతి కాలంలో మార్పులు పొంది, త్వచాలలోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించుటకు ప్రయోగశాలలకు ఎంతో అక్కరకు వచ్చినది. లిపిడ్ల శాస్త్రంలో ఒక కొలమానం తెలుగువాని చేతి మీదుగా రూపొందినదని మనం సంతోషించవచ్చును.

1972లో సింగర్, నికల్సన్ అనేవారు త్వచం గట్టి గోడ కాదనియు, నూనె వలె కదలే పొర అనియు, ప్రోటీనులు అందులో తేలుతూ ఉంటాయనియు ప్రతిపాదించినారు. తేలే వస్తువుకు నెలవు ఎట్లా నిర్ణయమవుతుందన్న ప్రశ్న ఇక్కడ నుండి మరింత ఆసక్తికరమైనది.

గదులు వేరు, గోడలు వేరు

కణం ఒకే గది ఉన్న ఇల్లు కాదు. కేంద్రకం, దానిని చుట్టిన త్వచం, ఆ త్వచంతో కలిసి కణమంతటా వ్యాపించిన అంతర్జీవద్రవ్య జాలకం, సరకులను వేరుచేసి పంపే గాల్జీ సంక్లిష్టం, శక్తిని ఇచ్చే మైటోకాండ్రియా, చెత్తను జీర్ణించుకొనే లైసోసోములు, క్రొవ్వును దాచే బిందువులు — ఇవన్నీ కణంలో వేరువేరు నెలవులు. వీటి త్వచాలన్నీ పైకి ఒకే విధంగా కనిపించినను లిపిడ్ల పాళ్ళు వేరు. కొలెస్టెరాల్ తయారయ్యేది ప్రధానంగా అంతర్జీవద్రవ్య జాలకంలో. కాని అది అక్కడ బహు స్వల్పంగా ఉండి, అధిక భాగం కణపు వెలుపలి త్వచంలో చేరి ఉంటుంది.

ఒక లిపిడును పూర్తి చేయుటకు రెండు గదుల సహకారం అవసరమయ్యే సందర్భాలు కూడ కలవు. ఫాస్ఫటిడైల్ సెరీన్ అనే లిపిడు జాలకంలో తయారవుతుంది. దాని నుండి ఒక కార్బన్ డయాక్సైడు అణువును తొలగించి ఫాస్ఫటిడైల్ ఇథనాల్ అమైనుగా మార్చే ఎంజైము మైటోకాండ్రియా లోపలి త్వచంలో ఉన్నది. కనుక లిపిడే ఎంజైము ఇంటికి ప్రయాణం చేయవలసి వచ్చినది. ఆ ప్రయాణం ఎట్లా జరుగుతుంది? మైటోకాండ్రియాను అంటిపెట్టుకొని ఉండే జాలక భాగం ఒకటి ఉన్నదనియు, లిపిడ్ల తయారీకి అది కేంద్రమనియు 1990లో జీన్ వాన్స్ అనే శాస్త్రవేత్రి చూపినారు. రెండు ఇళ్ళు పెరటి గోడలు ఆనించి కట్టుకొన్నట్లు, ఆ రెండు త్వచాలు చేరువగా నిలిచి సరకును ఇచ్చిపుచ్చుకొంటాయి.

నెలవులను కనిపెట్టిన విధం

కంటికి కనిపించని ఎంజైము ఏ గదిలో ఉన్నదో ఎట్లా తెలియవలెను? మొదటి మార్గం కణాలను మెల్లగా నలిపి, ఆ ద్రవాన్ని అపకేంద్ర యంత్రంలో వేగంగా త్రిప్పి, బరువును బట్టి భాగాలను వేరుచేయుట. బెల్జియం దేశపు క్రిస్టియన్ డి డ్యూవ్ ఈ మార్గంలో నడచినవారు. ఎలుక కాలేయాన్ని మెల్లగా నలిపినప్పుడు ఒక ఎంజైము పని చాల తక్కువగా కనిపించినది. అదే ద్రవాన్ని కొన్ని దినాలు చల్లని పెట్టెలో ఉంచి మరల పరీక్షించగా దాని పని ఎన్నో రెట్లు పెరిగినది. పొరపాటుగా భావించి పారవేయవలసిన ఫలితం కాదది. ఎంజైము మొదటి నుండి ఉన్నది. కాని ఏదో సంచిలో బంధింపబడి ఉన్నది. కాలక్రమాన సంచి చిరిగి బయటపడినది. ఆ సంచికే 1955లో ఆయన లైసోసోము అని పేరు పెట్టినారు. 1974లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఉన్నదా లేదా అన్న ప్రశ్న కంటె ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న ఎంత ఫలవంతమైనదో ఈ కథ తెలుపుతున్నది.

రెండవ మార్గం తరువాత వచ్చినది. ఒక జాతి జెల్లీ చేపలో పచ్చగా వెలిగే ప్రోటీను ఉన్నది. దాని జన్యువును మరొక జీవిలో కూడ వెలిగింపవచ్చునని 1994లో మార్టిన్ చాల్ఫీ, ఆయన సహచరులు ప్రకటించినారు. మనకు కావలసిన ఎంజైముకు ఈ దీపాన్ని తగిలిస్తే, బ్రతికి ఉన్న కణంలో అది ఎక్కడికి పోతున్నదో సూక్ష్మదర్శినిలో కంటితో చూడవచ్చును. ఈ దీపపు పరిశోధనకు 2008లో షిమొమురా, చాల్ఫీ, త్సియెన్ అనేవారికి నోబెల్ బహుమతి లభించినది. ఎంజైములలో స్థిరనివాసులు కొందరు, రాకపోకలు చేసేవారు కొందరు ఉన్నారని స్పష్టపడుటకు ఇటువంటి పరిశీలనలు ఎంతో తోడ్పడినవి.

స్థిరనివాసులు

కొలెస్టెరాల్ తయారీలో ముఖ్యమైన మెట్టును నడిపే ఎంజైము స్థిరనివాసికి మంచి ఉదాహరణ. దీని ప్రోటీను దారం జాలక త్వచాన్ని 8 పర్యాయాలు కుట్టినట్లు దాటుతుంది. పని చేసే భాగం మాత్రం కణద్రవ్యంలోకి వ్రేలాడుతూ ఉంటుంది. గుండె జబ్బులకు వాడుతున్న స్టాటిన్ మందులు అడ్డుకొనేది ఈ ఎంజైమునే. త్వచంలో ఇట్లా పాతుకొనుట నిలుచుటకు మాత్రమే కాదు. జాలక త్వచంలో స్టెరాల్ పాళ్ళు పెరిగినప్పుడు, త్వచంలోని ఆ భాగమే దానిని గుర్తించి, ఎంజైమును త్వచం నుండి లాగివేసి నాశనం చేసే ఏర్పాటుకు అప్పగిస్తుంది. సరకు ఎక్కువైతే కార్ఖానాను తాత్కాలికంగా మూయించే అధికారి అక్కడే కూర్చొని ఉన్నాడన్నమాట.

ప్రోటీనులకు ఇటువంటి నెలవు దొరికే విధానాన్ని గుంటర్ బ్లోబెల్ వివరించినారు. ప్రోటీనులోనే తన చిరునామా ఒక చిన్న అమైనో ఆమ్లాల వరుసగా వ్రాసి ఉంటుందని ఆయన చూపినారు. ఇందుకు ఆయనకు 1999లో నోబెల్ బహుమతి వచ్చినది.

మరొక స్థిరనివాసి సైక్లో ఆక్సిజనేజ్. నొప్పికి, వాపుకు, జ్వరానికి కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల తయారీలో మొదటి మెట్టు దీనిదే. 1994లో దీని ఆకృతి తెలిసినప్పుడు ఒక వింత బయటపడినది. ఇది త్వచాన్ని పూర్తిగా దాటదు. రెండు లిపిడు వరుసలలో ఒకదానిలో మాత్రమే, పడవ నీటిలో కొంత మునిగినట్లు, మునిగి ఉంటుంది. లోపలికి పోయే సొరంగపు ద్వారం త్వచం వైపునకే తెరచి ఉంటుంది. త్వచం నుండి క్రొవ్వు ఆమ్లం నీటిని తాకకుండ నేరుగా ఆ సొరంగంలోకి జారుతుంది. మనం తలనొప్పికి వేసుకొనే ఆస్పిరిన్ పోయి మూసేది ఆ సొరంగాన్నే. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో కనుగొన్న జాన్ వేన్, బెర్గ్‌స్ట్రామ్, శామ్యుయెల్సన్‌లతో పాటు 1982లో నోబెల్ బహుమతి పొందినారు.

పిలిస్తే వచ్చేవారు

సైక్లో ఆక్సిజనేజుకు ముడిసరకు అరకిడోనిక్ ఆమ్లం. దానిని ఫాస్ఫోలిపిడు నుండి కోసి ఇచ్చేది ఫాస్ఫోలిపేజ్ ఏ2 జాతికి చెందిన ఎంజైము. కణం ప్రశాంతంగా ఉన్నంత సేపు ఇది కణద్రవ్యంలో తిరుగుతూ ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడో, మరొక ప్రేరణ కలిగినప్పుడో కణద్రవ్యంలో కాల్షియం సుమారు పది రెట్లు పెరుగుతుంది. ఈ ఎంజైముకు ఒక చివర కాల్షియాన్ని పట్టుకొనే అర ఒకటి ఉన్నది. కాల్షియం తగులుకొనగానే ఆ అర త్వచానికి అతుక్కొంటుంది. అతుక్కొనేది జాలకానికి, గాల్జీకి, కేంద్రకాన్ని చుట్టిన త్వచానికి. జాలకంలోను, కేంద్రక త్వచంలోను సైక్లో ఆక్సిజనేజ్ ఇంతకు ముందే కాచుకొని ఉన్నది. కోసేవాడు, వండేవాడు ఒకే ఇంటిలో కలుసుకొన్నారు. కాల్షియం తగ్గగానే కోసేవాడు వెళ్ళిపోతాడు.

ఇదే రసాయనిక చర్యను నడిపే బంధువు మరొకటి నాగుపాము విషంలో ఉన్నది. అది వేరొక ప్రోటీను, పరిమాణంలో చిన్నది. కాని కోసే చోటు ఫాస్ఫోలిపిడులో అదే. కణం లోపల కట్టుబాటులో జరిగినప్పుడు సందేశాన్ని పుట్టించిన చర్య, కాటు వేసిన చోట కణాల వెలుపల అదుపు లేకుండ జరిగినప్పుడు త్వచాలనే ఛిద్రం చేస్తుంది. చర్య ఒకటే అయినా చోటు మారితే ఫలితం మారినది.

కొన్ని ఎంజైములు కాల్షియం పిలుపు కొరకు కాక, త్వచపు ఆరోగ్యాన్ని చేతితో తడిమి చూచి వస్తాయి. కణత్వచాలలో విస్తారంగా ఉండే ఫాస్ఫటిడైల్ కోలిన్ తయారయ్యే మార్గాన్ని 1956లో యూజీన్ కెనెడీ వెల్లడించినారు. ఆ మార్గపు వేగాన్ని నిర్ణయించే ఎంజైములో పొడవైన సర్పిలాకారపు భాగం ఒకటి ఉన్నది. దాని ఒక ప్రక్క నీటిని కోరుతుంది, రెండవ ప్రక్క క్రొవ్వును కోరుతుంది. త్వచంలో ఫాస్ఫటిడైల్ కోలిన్ తక్కువైనప్పుడు లిపిడ్ల తలల నడుమ సందులు ఏర్పడుతాయి. ఆ సందులలోకి ఈ సర్పిలం దిగబడుతుంది, ఎంజైము మేలుకొంటుంది, లిపిడు తయారవుతుంది, సందులు పూడుతాయి, సర్పిలం మరల పైకి వస్తుంది. గోడలో బీట పడిన చోటికి తనంత తానే వచ్చి, పూడ్చగానే వెళ్ళిపోయే మేస్త్రి ఇది.

కావలివాడు

ఇక క్రొవ్వు నిలువల సంగతి. మన క్రొవ్వు కణాలలో నూనె ఒక పెద్ద బిందువుగా నిలిచి ఉంటుంది. దానిని కరిగించే లిపేజులు ఆ కణాలలోనే ఉన్నవి. మరి నిలువ ఎందుకు తరిగిపోవుట లేదు? బిందువు చుట్టూ పెరిలిపిన్ అనే ప్రోటీను కావలి కాస్తున్నది. 1991లో వెలుగులోకి వచ్చిన ఈ కావలివాడు, భోజనం చేసిన తరువాత లిపేజులను దరి చేరనీయడు. ఉపవాసమున్న దినాన, లేదా పరుగెత్తవలసి వచ్చినప్పుడు, అడ్రినలిన్ వంటి హార్మోనుల ఆజ్ఞ వస్తుంది. ఆ ఆజ్ఞ వలన పెరిలిపిన్‌కు ఫాస్ఫేటు ముద్రలు పడి కావలి సడలుతుంది. కణద్రవ్యంలో ఉన్న లిపేజుకు కూడ ముద్రలు పడి అది బిందువు ఉపరితలానికి కదలి వస్తుంది. 2004లో కనుగొనబడిన మరొక లిపేజు మొదటి కోతను కోస్తుంది. విడుదలైన క్రొవ్వు ఆమ్లాలు రక్తంలో చేరి కండరాలకు, గుండెకు ఇంధనమవుతాయి. ఎంజైము పరిమాణం ఒక్క పూటలో పెద్దగా మారవలసిన పని లేదు. దాని చోటు మారితే చాలును.

ముందు, వెనుక

చోటు అంటే గది మాత్రమే కాదు, ఒకే త్వచంలో ఏ ప్రక్క అన్నది కూడ. మట్టిలో నివసించే డిక్టియోస్టీలియం అనే సూక్ష్మజీవి ఆహారపు వాసన వైపునకు ప్రాకుతుంది. ఒక లిపిడుకు ఫాస్ఫేటును చేర్చే ఎంజైము దాని ముందు భాగపు త్వచానికి చేరుతుందనియు, ఆ ఫాస్ఫేటును తొలగించే ఎంజైము ప్రక్కలకు, వెనుకకు చేరుతుందనియు 2002లో పరిశోధకులు చూపినారు. ముందు వ్రాయుట, వెనుక చెరుపుట. ఈ రెండు పనులు ఆ జీవికి ఎటు పోవలెనో తెలియుటకు తోడ్పడుతున్నవి.

చెరిపే ఎంజైము పేరు పీటెన్. మానవులలో దీని జన్యువును 1997లో గుర్తించినారు. అనేక కాన్సరు గడ్డలలో ఈ జన్యువు చెడిపోయి ఉంటుంది. ఆశ్చర్యకరమేమనగా, కొన్ని మార్పులలో ఎంజైముకు చెరిపే శక్తి మిగిలియే ఉంటుంది. త్వచానికి అంటుకొనే గుణం మాత్రం పోయి ఉంటుంది. పలక దగ్గరకు చేరలేని గుడ్డ ఎంత మంచిదైనను అక్షరం చెరగదు. కణానికి పెరగుమని చెప్పే వ్రాత అట్లాగే నిలిచిపోతుంది.

చిరునామా లేని ఉత్తరాలు

ఇప్పుడు మొదట పేర్కొన్న వ్యాధుల వద్దకు వచ్చినాము. లైసోసోములో క్రొవ్వులను, చక్కెరలను విరిచే ఎంజైములు అనేకం ఉన్నవి. అవి ఆమ్లగుణం గల ఆ సంచిలోనే బాగుగా పనిచేస్తాయి. అవి అక్కడికి చేరుటకు వాటి చక్కెర గొలుసు మీద గాల్జీలో మానోజ్-6-ఫాస్ఫేటు అనే గుర్తు పడుతుంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాలను వేరుచేసినట్లు, ఆ గుర్తును చదివే గ్రాహకాలు వాటిని లైసోసోములకు పంపుతాయి.

1967లో వర్ణింపబడిన ఐ-కణ వ్యాధిలో బిడ్డల కణాలు జీర్ణం కాని పదార్థంతో నిండిపోయి కనిపించినవి. ఈ బిడ్డలలో ఎదుగుదల నిలిచిపోతుంది, కీళ్ళు బిగుసుకొంటాయి. సాధారణంగా బాల్యం దాటకుండానే మరణిస్తారు. లైసోసోములలో ఒకటి కాదు, అనేక ఎంజైములు లేవు. అన్ని జన్యువులు ఒక్కసారిగా ఎట్లా చెడినవి? రక్తాన్ని పరీక్షించగా ఆ ఎంజైములన్నీ అక్కడ అధికంగా ఉన్నవి! 1972లో హిక్‌మన్, ఎలిజబెత్ న్యూఫెల్డ్ చక్కని ప్రయోగం చేసినారు. ఆరోగ్యవంతుల కణాలు విడిచిన ఎంజైమును ఐ-కణాలు లోనికి తీసుకొన్నవి. ఐ-కణాలు విడిచిన ఎంజైమును మాత్రం ఇతర కణాలు తీసుకొనలేదు. లోపం కణంలో కాదు, ఎంజైముకు ఉండవలసిన గుర్తులో ఉన్నదని తేలినది. ఆ గుర్తు మానోజ్-6-ఫాస్ఫేటు అని 1977లోను, దానిని వేసే ఎంజైమే ఈ వ్యాధిలో లోపించినదని 1981లోను స్పష్టమైనది. పాపం, ఉత్తరాలన్నీ వ్రాయబడినవి. చిరునామా వ్రాసేవాడు లేనందున అన్నీ వీధిలో పడినవి.

ఈ వ్యాధిలో కూడ గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైము మాత్రం దాదాపు యథాస్థితిగా లైసోసోములలో కనిపిస్తుంది. కారణం, అది ఆ గుర్తు మీద ఆధారపడదు. లింప్-2 అనే మరొక ప్రోటీను దానిని చేయి పట్టి తీసుకొనిపోతుందని 2007లో తెలిసినది. ఈ ఎంజైము కథయే మన రెండవ వ్యాధి.

చోటే మందు

1882లో ఫ్రాన్సు దేశంలో ఫిలిప్ గౌషే ప్లీహం విపరీతంగా పెరిగిన ఒక రోగిని గురించి వ్రాసినారు. ఆయన పేరుతోనే ఆ వ్యాధి ప్రసిద్ధమైనది. ముసలివైన రక్తకణాలను మ్రింగి జీర్ణించుకొనుట స్థూలభక్షక కణాల పని. ఆ రక్తకణాల త్వచాలలోని ఒక లిపిడును విరిచేది గ్లూకోసెరిబ్రోసిడేజ్. అది లోపించినప్పుడు ఆ లిపిడు స్థూలభక్షకాలలో పేరుకొని ప్లీహం, కాలేయం ఉబ్బుతాయి, రక్తం తగ్గుతుంది, ఎముకలు నొప్పి పుట్టి పెళుసవుతాయి. లోపించినది ఈ ఎంజైమే అని 1965లో రాస్కో బ్రాడీ, ఆయన సహచరులు నిరూపించినారు.

అయితే లోపించిన దానిని సూదిమందుగా ఇస్తే సరిపోదా? కాన్పు తరువాత పారవేసే మావి నుండి ఎంజైమును శుద్ధి చేసి ఎక్కించి చూచినారు. అది కాలేయానికి చేరినది కాని, అధిక భాగం అక్కడి సాధారణ కణాలలోకే పోయినది. వ్యాధి ఉన్నది స్థూలభక్షకాలలో. మందు సరియైనదే, గడప తప్పినది. స్థూలభక్షకాల ఉపరితలం మీద మానోజ్ అనే చక్కెరను పట్టుకొనే గ్రాహకం ఉన్నది. ఎంజైము చక్కెర గొలుసు చివరన ఉన్న మూడు రకాల చక్కెరలను ఒకదాని తరువాత ఒకటి తొలగించగా లోపలి మానోజ్ బయటపడినది. అట్లా సవరించిన ఎంజైము స్థూలభక్షకాలలోకి, అక్కడ నుండి లైసోసోములలోకి చేరినది. 1991లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. 1994 నుండి మావితో పని లేకుండ, జన్యు పద్ధతిలో పెంచిన కణాల నుండి దీనిని తయారు చేయుచున్నారు. ఉబ్బిన ప్లీహం తగ్గి, రక్తం పెరిగి, రోగులు మామూలు జీవితం గడుపగలిగినారు. మెదడుకు సోకిన రూపంలో మాత్రం ఈ మందు మెదడును బాగుచేయలేదు. రక్తం నుండి మెదడుకు పోయే దారిలోని అడ్డును అది దాటలేదు కనుక. ఇక్కడ కూడ ప్రశ్న చోటుదే.

ఈ రెండు వ్యాధులును అంతర్గత లక్షణాలుగా సంక్రమిస్తాయి. తల్లిదండ్రులిద్దరు పైకి ఆరోగ్యవంతులై, చెడిన జన్యు ప్రతిని ఒక్కొక్కటి మోస్తున్నప్పుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే పూర్వికుని నుండి చెడిన ప్రతి ఇద్దరికి రావచ్చును కనుక దగ్గరి బంధువుల వివాహాలలో ఈ అపాయం పెరుగుతుంది. మేనరికాలు, చుట్టరికపు పెళ్ళిళ్ళు మన తెలుగు ప్రాంతాలలో అనేక కులమతాల వారికి పరిచితమైన ఆచారం. దీనిని నిందించుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అట్టి కుటుంబాలలో బిడ్డకు కారణం తెలియని ప్లీహపు వాపు, ఎదుగుదల లోపం కనిపించినప్పుడు, అది దిష్టి కాదనియు, తల్లి దోషం కాదనియు, రక్తపరీక్షతో తెలుసుకొనదగిన ఎంజైము లోపం కావచ్చుననియు మనం తెలిసి ఉండవలెను. భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానంలో గౌషే వ్యాధి చేరినది. 2022లో సవరించిన ప్రకారం రోగి ఒకరికి 50 లక్షల రూపాయల వరకు సహాయానికి అవకాశం కల్పించినారు. ఆ విధానం క్రింద గుర్తింపు పొందిన కేంద్రాలలో హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్ ప్రింటింగ్ కేంద్రం, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కూడ కలిసి ఉన్నవి. మందు వెల సామాన్యునికి అందనిది, దానిని జీవితాంతం ఎక్కించుకొనవలసి ఉంటుంది. కనుక ఈ సహాయంతో సమస్య తీరిపోలేదు. కాని తలుపు ఎక్కడ ఉన్నదో తెలియుట మొదటి మెట్టు.

కణంలోని ఈ ఏర్పాటును పరిశీలించినప్పుడు మనకు ఒక సంగతి విశదమవుతుంది. పరీక్షనాళికలో ఎంజైము ఎంత ఉన్నది, ఎంత వేగంగా పనిచేస్తున్నది అన్నది సగం సమాధానం మాత్రమే. అది ఏ త్వచాన్ని ఆనుకొని ఉన్నది, ఎవరు పిలిస్తే వచ్చినది, ఎవరు కావలి కాస్తే ఆగినది, ఏ గుర్తు చూచి ఏ గదికి చేరినది అన్నది మిగిలిన సగం. మన విద్యార్థి మిత్రులు జీవరసాయన శాస్త్రంలో ఇకముందు బాణపు గుర్తును గీసినప్పుడెల్ల, దాని ప్రక్కన ఆ చర్య జరిగే చోటును కూడ వ్రాసుకొందురు గాక. ఆ ఒక్క మాటను విడువకుండ వెంబడించినందుననే గౌషే వ్యాధిగ్రస్తులకు మందు దొరికినది. ఐ-కణ వ్యాధి బిడ్డలకు ఎంజైమును తిరిగి నెలవుకు చేర్చే చికిత్స ఇంకను దొరకవలసి ఉన్నది.